భూకంపం తర్వాత కట్టడాలు, నేల: ఎలాంటి ఫోటో సాక్ష్యంగా నిలబడుతుంది?

నిలువుకంభం:
2001 జనవరి 26 ఉదయం 8:46కి గుజరాత్‌లోని కచ్‌లో భచావ్ దగ్గర మాగ్నిట్యూడ్ 7.7 భూకంపం వచ్చింది. అక్కడికి రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా అపార్ట్‌మెంట్లు కూలి వందల మంది చనిపోయారు. కూలినవాటిలో చాలావరకు కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా ఒట్టి స్తంభాల మీద నిలబెట్టిన భవనాలు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఏ కాలనీలో చూసినా కనిపించే రకమే అది.

ఆనాటి ఫోటోలు వెతికితే బోలెడు దొరుకుతాయి. వాటిలో చాలావాటి నుంచి ఇంజనీరు రాబట్టగలిగేది తక్కువ. ఏ వీధో, ఏ వైపు నుంచి తీశారో, శిథిలాలు కదపకముందా, కదిపాకా అన్నది బొమ్మలో ఉండదు. స్తంభం విరిగిన చోటు కనిపిస్తుంది, ఆ స్తంభం భవనంలో ఎక్కడిదో తెలియదు. అందుకే ఈ చర్చ. ఒక నగరంలో పదిమంది ఫోన్లు, కెమెరాలు పట్టుకుని బయల్దేరితే ఏ వరుసలో, ఏం తీయాలి, ఎలా తీస్తే అది పదేళ్ల తర్వాత కూడా పనికొస్తుంది? పని తెలిసినవాళ్లు కొలతలతో సహా రాయండి.

పగుళ్లశాస్త్రి:
ఒక భవనం వరకు నేను పాటించమనే వరుస ఇది.

మొదటి ఫోటో చిరునామా బోర్డుదో, ఇంటి నంబరుదో. ఫోన్ నమోదు చేసే జీపీఎస్ మనం నిలబడ్డ చోటుది, భవనానిది కాదు. ఎత్తయిన కట్టడాల మధ్య అది పది మీటర్ల పైనే తప్పొచ్చు, అంటే పక్క అపార్ట్‌మెంట్ ఖాతాలో పడుతుంది. బోర్డు ఫోటో ఉంటే ఆ గొడవ లేదు.

తర్వాత నాలుగు మూలల నుంచి నాలుగు ఫోటోలు, ఒక్కోదానిలో రెండేసి ముఖాలు పునాది నుంచి పిట్టగోడ దాకా పడాలి. వీలైతే ఒక్కో ముఖాన్ని ఎదురుగా నిలబడి విడిగా తీయాలి. ఆ తర్వాతే దగ్గరికి వెళ్లాలి. దెబ్బ తిన్న ప్రతి చోటా మూడు దూరాలు: 5 మీటర్ల నుంచి ఒకటి, చుట్టూ ఉన్న కిటికీ, దూలం కనిపించేలా, 1 మీటరు నుంచి ఒకటి, పగులు మొత్తం పట్టేలా, చివరగా కొలబద్ద పెట్టి ఒకటి. మధ్య దూరం ఫోటో చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే దగ్గరి ఫోటో ఎక్కడిదో తీసినవాళ్లకే వారం తర్వాత గుర్తుండదు.

కాగితం మీద భవనం ప్లాను చేత్తో గీసుకుని, స్తంభాలకు నంబర్లు వేసి, ఏ ఫోటో ఎక్కడ నిలబడి ఎటు చూస్తూ తీశారో బాణం గుర్తుతో రాయండి. ఆ కాగితాన్ని కూడా చివర్లో ఫోటో తీసేయండి. ఫోన్‌లో దిక్సూచిని స్తంభాల దగ్గర నమ్మొద్దు, లోపలి ఇనుము దాన్ని పక్కదారి పట్టిస్తుంది. వీధి మ్యాపుతో సరిచూసుకుని ఉత్తరం గుర్తు పెట్టండి.

లెన్సు_లలిత:
శాస్త్రి గారు చెప్పిన నాలుగు మూలల ఫోటోల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. వీధి ఇరుకు, భవనం ఎత్తు, ఇక 0.5 అనే వెడల్పు లెన్సు పెట్టి ఫోన్ పైకెత్తుతారు. ఫోన్ వెనక్కి వాలిందంటే నిలువు గీతలన్నీ పైన ఒకదాని వైపు ఒకటి మొగ్గుతాయి. దానికి తోడు వెడల్పు లెన్సులో అంచుల దగ్గర వస్తువులు సాగుతాయి. నిటారుగా ఉన్న భవనం ఒరిగినట్టు కనిపిస్తుంది, నిజంగా ఒరిగినది ఏ మేరకు ఒరిగిందో తేల్చలేం.

చేయాల్సింది: ఫోన్ ముందుకీ వెనక్కీ వాలకుండా నిటారుగా పట్టుకోండి, తెర మీద గళ్లు, మట్టం చూపే గీత ఆన్ చేసుకోండి. కనీసం భవనం ఎత్తుకి సమానమైన దూరం వెనక్కి జరగండి. కింద సగం రోడ్డే వచ్చినా ఫరవాలేదు. మామూలు 1 లెన్సే వాడండి. మొత్తం పట్టకపోతే రెండు మూడు ఫోటోలు ఒకదానిపై ఒకటి మూడో వంతు కలిసేలా తీయండి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో నిలువు గీతల్ని సరిచేసే పని మాత్రం చేయొద్దు. అది కెమెరా వంకరతో పాటు భవనం వంకరనీ తీసేస్తుంది.

రసమట్టం:
దీనికి కచ్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. కాండ్లా రేవులో పోర్టు, కస్టమ్స్ ఆఫీసుల టవరు ఎత్తు 22 మీటర్లు. పైల్ పునాదుల (నేలలోకి లోతుగా దింపిన స్తంభాల) మీద కట్టినా, చుట్టూ నేల మెత్తబడి పక్కకు జరగడంతో ఒరిగింది. పైభాగం దగ్గర ఒరుగు సుమారు 30 సెంటీమీటర్లు. లెక్క వేస్తే ఒక డిగ్రీ కూడా లేదు. ఫోన్‌ను రెండు డిగ్రీలు పైకెత్తి తీస్తే ఫ్రేము అంచుల దగ్గర కెమెరా తెచ్చే వంకరే దానికంటే ఎక్కువ.

కాబట్టి ఒరుగు చూపాలంటే ఫోటోలో నిజమైన నిలువు ఒకటి ఉండాలి. మేస్త్రీలు వాడే దారం గుండు చాలు. స్తంభం పైనుంచి వేలాడదీసి, గాలికి ఊగకుండా గుండును నీళ్ల బకెట్టులో ముంచి, పైన, కింద దారానికీ స్తంభానికీ మధ్య దూరాన్ని స్కేలుతో చూపిస్తూ రెండు ఫోటోలు తీయండి. 3 మీటర్ల స్తంభంలో తేడా 45 మి.మీ. వస్తే 1.5 శాతం వాలు. పార్కింగ్ అంతస్తులో ఈ సంఖ్య పైన చెప్పిన ఫోటోలన్నిటికంటే విలువైనది. ఒక స్తంభంతో ఆపకండి, ఎదురెదురు మూలల్లో రెండింటికి, రెండు దిశల్లోనూ కొలవండి. అన్నీ ఒకే వైపు ఒకే మేర వాలితే అంతస్తు మొత్తం పక్కకు జరిగినట్టు. వేర్వేరుగా ఉంటే భవనం మెలితిరిగినట్టు.

గుండు వేలాడదీయడానికి స్తంభం దగ్గరికి వెళ్లాలి కాబట్టి, లోపలికి వెళ్లొచ్చని ఇంజనీరు తేల్చిన భవనాలకే ఈ కొలత. మిగతావాటిని దూరం నుంచి థియోడొలైటు, టోటల్ స్టేషన్ లాంటి కోణాలు కొలిచే సర్వే పరికరాలతో చూడాలి.

ఇసుకతిన్నె:
అందరూ భవనాలతో మొదలుపెట్టారు. నా మాట వేరే. ముందు నేలను తీయండి. విరిగిన స్తంభం వారం తర్వాత కూడా అక్కడే ఉంటుంది. నేల మీది గుర్తులు ఒక రోజులో పోతాయి.

నీరు పట్టిన ఇసుక కంపానికి పట్టు కోల్పోయి ద్రవంలా మారితే దాన్ని లిక్విఫాక్షన్ అంటాం. ఆ ఒత్తిడికి ఇసుకా నీళ్లూ కలిసి పైకి చిమ్మి చిన్న చిన్న దిబ్బలుగా పేరుకుంటాయి. వాటిని ఇక్కడ ఇసుక బుగ్గలు అంటాను. కచ్‌లోని రాణ్ అనే ఉప్పు బురద మైదానంలో 2001లో ఇవి విస్తారంగా వచ్చాయి. న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో 2011 ఫిబ్రవరి 22 భూకంపం తర్వాత ఇళ్ల మధ్యే బూడిదరంగు ఒండ్రు మోకాళ్ల లోతు నిలిచింది. జనం పారలు పట్టి రోజుల్లోనే ఎత్తి రోడ్డు పక్కన కుప్ప పోశారు. వాళ్లకది తప్పనిసరి పని. కుప్ప అయ్యాక మాత్రం అది ఎక్కడ ఎంత లోతున పైకొచ్చిందో చెప్పే వీలు పోతుంది.

బుగ్గకు తీయాల్సినవి: నిలువుగా పైనుంచి ఒకటి, పక్కన 20 సెం.మీ. ఎరుపు తెలుపు పట్టీలున్న రేంజింగ్ రాడ్ (సర్వేలో వాడే కర్ర) పెట్టి. నోరు దగ్గరగా ఒకటి. ఏటవాలుగా దూరం నుంచి ఒకటి, ఎందుకంటే బుగ్గలు తరచు ఒకే గీత మీద వరుసగా వస్తాయి, ఆ వరుస కింద పగులు ఉందని అర్థం. తర్వాత తాపీతో దిబ్బను సగానికి కోసి, కోత ముఖాన్ని టేపు పెట్టి తీయండి. అడుగున ముతక, పైన సన్నం పొరలుగా కనిపిస్తుంది. అర కిలో ఇసుక సంచిలో వేసి, సంచి మీద రాసిన చీటీతో పాటు అదే చోట ఫోటో తీయండి. గోడల మీద బురదనీటి చార ఎంత ఎత్తున ఉందో కొలిచి తీయండి. వాన పడితే ఇవేవీ మిగలవు.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో నీటిమట్టం పైనే ఉండే ఇసుక నేలలున్న ఊళ్లకు ఈ పద్ధతి అక్షరాలా వర్తిస్తుంది.

మ్యాపులబాబు:
నేలలో పగుళ్లు కూడా రాయండి ఇసుకతిన్నె గారూ. అందులోనే పెద్ద గందరగోళం.

ఇసుకతిన్నె:
రాస్తాను. నేలలో ఏ పగులు కనిపించినా ఫాల్టు, అంటే భూకంపానికి కారణమైన లోపలి చీలిక, పైకొచ్చిందని రాసేస్తారు. 2001లో కచ్‌లో అసలు ఫాల్టు నేలపైకి చీల్చుకు రాలేదు. మన్‌ఫరా దగ్గర కొన్ని కిలోమీటర్ల పొడవున కనిపించినది అనుబంధంగా వచ్చిన చీలిక. బుధార్‌మోరా దగ్గర నేల ఎగదన్నినట్టు ఉన్న గట్లను మొదట ఫాల్టు గుర్తులని భావించారు. తర్వాతి పరిశీలనల్లో అది నేల పక్కకు జారడం వల్ల వచ్చిందన్న అభిప్రాయం బలపడింది. అదే ప్రాంతంలో 1819 భూకంపం అల్లా బంద్ అనే గట్టును నిజంగానే లేపింది, దాని పొడవు 80 కిలోమీటర్లకు పైనే. ఫోటో ఒక్కటే చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, కొలతలే వాటిని విడదీస్తాయి.

పక్కకు జారడం నది, కాలువ, చెరువు గట్టు వైపు జరుగుతుంది. గట్టుకు అడ్డంగా, అంటే నీళ్ల అంచు నుంచి లోపలికి, 50 మీటర్ల టేపు పరవండి. టేపు దాటే ప్రతి పగులు దగ్గరా ఆగి, అంచు నుంచి దూరం, పగులు వెడల్పు, ఎగుడుదిగుడు ఎత్తు, ఏ వైపు కుంగింది అన్నవి రాసి, టేపు అంకె కనిపించేలా ఫోటో తీయండి. వెడల్పులన్నీ కలిపితే గట్టు ఎంత జరిగిందో వస్తుంది. గట్టుకు దగ్గరయ్యే కొద్దీ వెడల్పులు పెరుగుతూ పోతే అది జారుడే. గట్టుతో, నేల వాలుతో నిమిత్తం లేకుండా రోడ్లనూ కంచెల్నీ ఒకే దిశలో కోసుకుంటూ కిలోమీటర్లు పోతే అప్పుడు ఫాల్టు గురించి ఆలోచించాలి.

తిన్నటి గీతలు వెతకండి: కంచె, రోడ్డు అంచు, రైలు పట్టా, పొలం గట్టు. వాటి వెంట చూస్తూ తీసిన ఫోటోలో ఎంత జరిగిందో కంటికే తెలుస్తుంది. 1906 శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత భూగర్భ శాస్త్రవేత్త గిల్బర్ట్ తీసిన విరిగిన కంచె ఫోటోలు ఇవాళ్టికీ పాఠంలో చెబుతున్నారంటే కారణం ఇదే.

లెన్సు_లలిత:
పగులు దగ్గరి ఫోటో గురించి లెక్క ఒకటి. 0.3 మి.మీ. పగులును ఫోటోలో కొలవాలంటే దాని అడ్డంగా కనీసం మూడు పిక్సెళ్లు పడాలి. అంటే పిక్సెల్‌కు 0.1 మి.మీ. మీ ఫోటో వెడల్పు 4000 పిక్సెళ్లయితే ఫ్రేములో 40 సెం.మీ. గోడకు మించి పట్టకూడదు. ఆ పైన ఎంత జూమ్ చేసి చూసినా కొత్త వివరం పుట్టదు.

కొలబద్ద పగులుకు ఆనుకుని, గోడ తలంలోనే ఉండాలి. ముందుకు పట్టుకుంటే పెద్దదిగా పడి లెక్క తప్పుతుంది. పగులు వెడల్పులు గీతలుగా అచ్చేసిన పారదర్శక కార్డు దొరికితే మేలు. లేకపోతే ఏటీఎం కార్డు (85.6 × 54 మి.మీ.), 10 రూపాయల నాణెం (27 మి.మీ.). కార్డును వెనక్కి తిప్పినా నంబర్లు కనిపించొచ్చు, వాటి మీద కాగితం అంటించండి.

ఫ్లాష్ ఎదురుగా కొడితే పగులు నీడ చచ్చిపోతుంది. ఒకరు టార్చిని గోడకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు పంపాలి. ఇలా తీస్తే సన్నపు పగులు కూడా తేలుతుంది, పెచ్చు ఉబ్బితే అదీ తెలుస్తుంది. అయితే పక్క వెలుగు ప్రతి గరుకునూ లోతుగా చూపిస్తుంది కాబట్టి మామూలు వెలుగులో రెండోది కూడా తీయండి. ఫోన్ దగ్గరికి తేగానే తనంతట తాను మాక్రోకి (దగ్గరి ఫోటో మోడ్‌కి) మారిపోవడం ఆపేయండి, చాలా ఫోన్లలో అది వెడల్పు లెన్సుకు మారడమే. ముఖ్యంగా బొమ్మను 'అందంగా' చేసే సెట్టింగులన్నీ ఆపాలి. ప్లాస్టరు మీద లేని గీతను పదును పెట్టి చూపించే ఫోన్లు ఉన్నాయి. ఫోన్ మెరుగులు దిద్దని రా ఫైలు వచ్చే ప్రో మోడ్ ఉంటే అదే వాడండి.

పార్కింగ్ అంతస్తులో వెనక రోడ్డు వెలుగుకు స్తంభాలు నల్లగా పడతాయి. వీధికి వీపు పెట్టి లోపలికి చూస్తూ తీయండి, స్తంభం మీద నొక్కి వెలుగు సరిచేయండి. రోడ్డు తెల్లబోయినా బాధ లేదు.

కృష్ణాతీరం:
2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 మాగ్నిట్యూడ్ భూకంపం వచ్చింది, హైదరాబాద్ దాకా తెలిసింది. ఇలాంటి ప్రకంపన తర్వాత గోడ పగుళ్ల ఫోటోలు పంచుకున్నప్పుడు అవి పాతవో కొత్తవో ఎలా చెప్పాలి?

పగుళ్లశాస్త్రి:
అంచులు చూడండి. కొత్త పగులు అంచులు పదునుగా, లోపల తెల్లగా లేదా కొత్త సిమెంటు రంగులో ఉంటాయి. కింద నేల మీద పొడి, పెచ్చులు రాలి ఉంటాయి. అందుకే ఊడ్చకముందు నేలను కూడా ఫ్రేములోకి తీసుకోవాలి. పాతదానిలో దుమ్ము, సాలెగూడు, నీటి చార, ముఖ్యంగా సున్నమో పెయింటో లోపలికి దిగి ఉంటాయి. పాత పగులే పెరిగితే మధ్యలో మురికిగా, కొసల్లో తెల్లగా ఉంటుంది. రెండు కొసలూ విడిగా తీయండి.

ఇంకో ముఖ్యమైన తేడా. స్తంభాల మధ్య నింపిన ఇటుక గోడకూ దూలానికీ మధ్య అడ్డంగా వచ్చిన గీత చూసి జనం హడలిపోతారు. ఎక్కువసార్లు అది స్తంభాలు, దూలాల చట్రం నుంచి గోడ విడిపోవడమే. అదే గోడ మీద మూల నుంచి మూలకు ఎక్స్ ఆకారంలో వస్తే బలంగా ఊగిందని అర్థం. స్తంభంలోనే ఏటవాలు పగులో, పైన కింద పెచ్చులూడి కమ్మీలు బయటపడడమో ఉంటే అక్కడే ఆపి ఇంజనీరును పిలవాలి. కమ్మీలు బయటపడ్డ చోట తీయాల్సిన వివరం: నిలువు కమ్మీల చుట్టూ కట్టిన రింగుల మధ్య దూరం టేపుతో, రింగు కొస వంపు. కొస 90 డిగ్రీలకే వంచితే కాంక్రీటు ఊడగానే రింగు విచ్చుకుని నిలువు కమ్మీలు బయటికి ఉబ్బుతాయి. 135 డిగ్రీలకు లోపలికి వంచితే పట్టి ఉంచుతుంది. అహ్మదాబాద్ స్తంభాల ఫోటోల్లో ఎడంగా వేసిన రింగులు, 90 డిగ్రీల కొసలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

మ్యాపులబాబు:
వార్డు మొత్తం త్వరగా కావాలంటే డ్రోన్ తప్పదు. ముందూ వెనకా 80 శాతం, పక్కలకు 70 శాతం ఒకదానిపై ఒకటి పడేలా తీస్తే త్రీడీ నమూనా వస్తుంది. ఒక అంగుళం సెన్సర్ (13.2 మి.మీ. వెడల్పు), 8.8 మి.మీ. లెన్సు, 5472 పిక్సెళ్ల ఫోటోతో 60 మీటర్ల ఎత్తున ఎగిరితే నేల మీద పిక్సెల్‌కు 1.6 సెం.మీ. వస్తుంది. కూలినవి, పక్కకు జారిన కప్పులు, నది ఒడ్డు పగుళ్లు దీనికి చిక్కుతాయి. కొలతలు నమ్మాలంటే నేల మీద ఐదారు చోట్ల గుర్తులు పరిచి వాటి స్థానం విడిగా కొలవాలి. మన దేశంలో ఎగరేసే ముందు ప్రభుత్వ డ్రోన్ మ్యాపులో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి. సహాయక హెలికాప్టర్లు తిరుగుతుంటే అనుమతి ఉన్నా ఎగరేయకూడదు.

రసమట్టం:
ఒప్పుకోను బాబు గారూ, కనీసం అపార్ట్‌మెంట్ల విషయంలో. పిక్సెల్ 1.6 సెంటీమీటర్లంటే 5 మి.మీ. పగులు దానికి కనిపించదు. పైగా అసలు దెబ్బ పార్కింగ్ అంతస్తులో ఉంటుంది. కింది అంతస్తు నలిగి కూర్చుండిపోయిన భవనం పైనుంచి చూస్తే కప్పు చెక్కుచెదరకుండా ఉంటుంది. నాలుగంతస్తులది మూడంతస్తులుగా మారిందని పైనుంచి తీసిన ఫోటోకు తెలియదు.

మ్యాపులబాబు:
నిజమే, నిలువుగా కిందికి చూసే ఫోటోలతో తెలియదు. 45 డిగ్రీల ఏటవాలుగా నాలుగు వైపులా తీసి, పాత ఎత్తుతో పోల్చాలి. అయినా స్తంభం పరిస్థితికి నేల మీద మనిషే కావాలి. డ్రోన్ ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది, అంతవరకే.

నిలువుకంభం:
బాగుంది, రెండూ ఉంచుదాం. నా తరఫున ఒకటి: దెబ్బ తినని భవనాలను కూడా అదే వరుసలో తీయాలి. కూలినవి మాత్రమే తీస్తే 'పార్కింగ్ ఉన్నవన్నీ కూలాయి' అన్నట్టు ఉంటుంది. పక్కనే అలాంటిదే నిలబడి ఉంటే ఎందుకు నిలబడిందన్నదే మనకు కావాలి. గోడ ఎక్కువుందా, స్తంభం పెద్దదా, నేల వేరా? వీధిలో ప్రతి ఐదో ఇంటిని, ఏ స్థితిలో ఉన్నా, తీయమని ముందే నిర్ణయించండి. భుజం భుజం ఆనించి కట్టిన భవనాల మధ్య సందు కూడా తీయండి, పైన ఎంత, కింద ఎంత అన్నది. రెండింటి అంతస్తుల మట్టాలు కలవకపోతే ఒకదాని స్లాబు రెండోదాని స్తంభం నడుముకు కొట్టుకుంటుంది.

లెన్సు_లలిత:
ఫైళ్ల సంగతి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గుతుంది, లోపలి సమయం, స్థలం పోతాయి. డాక్యుమెంటుగా పంపండి, లేదా కార్డు నుంచి నేరుగా కాపీ చేయండి. తేదీ, జీపీఎస్ బొమ్మ మీద అచ్చేసే యాప్‌లు కొందరికి ఇష్టం, ఆ అచ్చు కింద ఉన్న గోడ కనిపించదు. కావాలంటే రెండో కాపీకి వేసుకోండి. పొద్దున బయల్దేరే ముందు అన్ని కెమెరాలతోనూ ఒకే ఫోన్ గడియారాన్ని సెకన్లతో సహా తీస్తే, ఏది ఎంత ముందుందో తర్వాత సరిచేయొచ్చు. సాయంత్రం రెండు చోట్ల కాపీ పెట్టి, ప్రతి ఫైలుకు హాష్ (ఫైలు కాస్త మారినా మారిపోయే గుర్తు సంఖ్య) తీసి జాబితా ఉంచండి. బీమా దగ్గరో కోర్టులోనో ఎవరైనా మార్చారని అంటే అదే జవాబు.

జనానికి చూపే కాపీల్లో ముఖాలు, వాహన నంబర్లు మసకచేయండి. గోడ కూలి లోపలి సామాను కనిపించే ఫ్లాటు ఫోటోను చిరునామాతో బయట పెట్టొద్దు, దొంగలకు దారి చూపినట్టవుతుంది. మృతదేహాలు ఉన్న చోట కెమెరా దించేయాలి, వెలికితీత వాళ్ల పని పూర్తయ్యాకే మళ్లీ ఎత్తాలి.

కృష్ణాతీరం:
సమయం అంత ముఖ్యమా? ఒక రోజు అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

ఇసుకతిన్నె:
శాన్ ఫ్రాన్సిస్కోలో 1906 ఏప్రిల్ 18 ఉదయం 5:12కి భూకంపం. వెంటనే మొదలైన మంటలు రోజుల తరబడి నగరాన్ని కాల్చాయి. బీమా నిప్పుకు వర్తించేది, కంపానికి సాధారణంగా వర్తించేది కాదు. మంట చేరకముందు తీసిన ఫోటోల్లోనే కంపం వల్ల ఏది పడిందో తెలుస్తుంది. మే 28న జార్జ్ లారెన్స్ అనే ఫోటోగ్రాఫరు గాలిపటాల వరుసకు కెమెరా కట్టి ఆకాశం నుంచి తీసిన ఫోటో గొప్ప పనే, కానీ అప్పటికి కనిపించేది బూడిదైన నగరం. ఏ గోడ కంపానికి పడిందో, ఏది నిప్పుకు పడిందో అందులో విడదీయలేం.

క్రైస్ట్‌చర్చ్‌లో ఇంకో చిక్కు. 2010 సెప్టెంబరు 4న ఒకటి, 2011 ఫిబ్రవరి 22న ఒకటి, జూన్ 13న మరొకటి. ప్రభుత్వ బీమా ఒక్కో కంపానికి విడివిడిగా లెక్క కట్టింది. ఒకే ఇంట్లో ఏ పగులు ఏ రోజుది అన్న వాదనలు ఏళ్లు నడిచాయి. మధ్యలో తేదీతో తీసిన ఫోటో ఉన్నవాళ్లకు అదే ఆధారం.

పగుళ్లశాస్త్రి:
అందుకే మొదటి రోజే పగులు రెండు కొసల దగ్గర మార్కరుతో అడ్డగీత గీసి తేదీ, సమయం రాయండి. పగులుకు అడ్డంగా పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పట్టీ 10 సెం.మీ. పొడవున, పల్చగా వేసి దాని మీద కూడా తేదీ వేయండి. తర్వాతి ప్రకంపనకు పగులు కదిలితే పట్టీ చిట్లుతుంది. తడి గోడ మీద వేస్తే మాత్రం తనంతట తానే ఊడుతుంది. ప్రతి గట్టి ప్రకంపన తర్వాత అదే చోట నిలబడి, అదే లెన్సుతో, మొదటి ఫోటోను ఫోన్‌లో పక్కన పెట్టుకుని చూస్తూ మళ్లీ తీయండి. నిలబడ్డ చోట రోడ్డు మీద పెయింటుతో చుక్క పెట్టుకుంటే చాలు.

ఇంజనీరు వెళ్లొచ్చన్న చోట తప్ప ఇదంతా బయటి నుంచి చేసేదే. ప్రకంపనలు ఆగేవరకు లోపలికి వెళ్లొద్దు, ఒరిగిన భవనానికి దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండండి, పిట్టగోడల కింద, కరెంటు తీగల కింద నిలబడొద్దు. ఇద్దరికి తక్కువ వెళ్లకూడదు: వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాళ్లకు పైనుంచి ఏం పడుతుందో కనిపించదు, రెండోవాళ్లు దాన్నే చూస్తూ ఉండాలి.

నిలువుకంభం:
ఈ చర్చలోని వరుసను ఒక పేజీ చెక్‌లిస్టుగా చేస్తున్నాను: నేల ముందు, తర్వాత వీధి శిథిలాలు, తర్వాత భవనాల బయటి ముఖాలు, ప్రతి ఐదో ఇల్లు, పార్కింగ్ అంతస్తులు ఇంజనీరుతో. దారం గుండు, టేపు, సుద్దముక్క, టార్చి, రేంజింగ్ రాడ్, పీఓపీ, సంచులు ఉండే కిట్ జాబితా చివర్లో చేరుస్తాను. రాతి, మట్టి గోడల ఇళ్లకు విడిగా ఒక భాగం కావాలి. 1993లో మహారాష్ట్ర కిల్లారి భూకంపంలో కూలినవి అవే, మన పల్లెల్లోనూ ఉన్నాయి. గోడ ఉబ్బు ఎలా కొలిచి తీయాలో తెలిసినవాళ్లు రాయండి.

రసమట్టం:
నేను రాస్తాను. రెండు మీటర్ల అల్యూమినియం పట్టీని గోడకు నిలువుగా ఆనించి, మధ్యలో లేదా కొసల్లో సందు ఎంతుందో స్కేలుతో తీయాలి. రెండు పొరలుగా కట్టిన గోడలో బయటి పొర ఒక్కటే ఉబ్బుతుంది, కాబట్టి లోపలి ముఖానికి కూడా అదే కొలత కావాలి. ఇంట్లోకి వెళ్లలేకపోతే కిటికీ లేదా గుమ్మం పక్కన గోడ మందం బయటి నుంచే టేపుతో చూపండి, రెండు పొరలనూ కలిపే పొడుగు రాయి ఉందో లేదో అక్కడే కనిపిస్తుంది.